పాత టైరు రబ్బరుతో తారు రోడ్డు: పొడి కొట్టడం నుంచి రోలర్ దాకా

అరిగిన టైర్లను పొడి చేసి రోడ్డు తారులో కలుపుతారన్న మాట చాలామంది వినే ఉంటారు. మరిగే తారులో పొడి వేస్తే కరిగిపోతుందని, దాంతో తారు గట్టిపడుతుందని అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. టైరు రబ్బరు అలా కరగదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజింగ్ పద్ధతిలో రబ్బరు అణువుల గొలుసులను గంధకం ఒకదానికొకటి ముడివేస్తుంది. ఎండలో, వేడిలో టైరు కారిపోకుండా కాపాడేది ఆ ముడులే. తారు ట్యాంకులో కూడా అవి అంత తేలిగ్గా వీడవు. అక్కడ రబ్బరు రేణువు తారులోని తేలికపాటి నూనెలను స్పాంజిలా పీల్చుకుని రెండు మూడింతలు ఉబ్బుతుంది. కొంత నూనె పోయిన తారు చిక్కబడుతుంది. మెత్తగా ఉబ్బిన రేణువులు, చిక్కబడిన తారు కలిస్తే సాగి మళ్లీ వెనక్కి వచ్చే బైండర్, అంటే కంకరను పట్టి ఉంచే జిగురు, తయారవుతుంది.

ఉబ్బడానికి రేణువుకు వేడి కావాలి, టైము కావాలి, కంకర మధ్య చోటు కావాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా రోడ్డు మీద తెలిసిపోతుంది. కింద చెప్పే ప్రతి అంచెనూ ఈ దృష్టితోనే చూడండి.

ముందు పద్ధతి తేల్చుకోండి

మొదటిది తడి పద్ధతి. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఇంజనీరుగా ఉన్న చార్లెస్ మెక్‌డొనాల్డ్ 1960లలో దీన్ని రూపొందించాడు. పగుళ్లు పడ్డ రోడ్లకు అతుకులు వేయడానికి తారులో టైరు పొడి కలిపి, ముప్పావు గంట నుంచి గంట దాకా వేడి మీద ఉంచితే కొత్త గుణాలున్న బైండర్ వస్తోందని గమనించాడు. దీన్ని కంకర, తారు కలిపే ప్లాంటు పక్కనే కలిపి వెంటనే వాడతారు. బైండర్ బరువులో రబ్బరు 15 నుంచి 22 శాతం దాకా ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డి6114 ప్రమాణం ప్రకారం కనీసం 15 శాతం ఉంటేనే అది 'ఆస్ఫాల్ట్ రబ్బర్'.

రెండోది టెర్మినల్ బ్లెండ్. ఇందులో సన్నటి పొడిని తారు డిపోలోనే ఎక్కువ వేడిలో, ఎక్కువసేపు కలిపి దాదాపు పూర్తిగా జీర్ణం చేస్తారు. సైటుకు మామూలు తారులాగే ట్యాంకర్‌లో వస్తుంది. వాడటం సులువు. అయితే సాధారణంగా రబ్బరు శాతం తక్కువ, సాగే గుణమూ తక్కువ.

మూడోది పొడి (డ్రై) పద్ధతి. ఇది స్వీడన్‌లో పుట్టింది. ఇందులో రబ్బరును తారులో కలపరు, కంకరలో కొంత భాగం తీసేసి దాని స్థానంలో వేస్తారు. పరికరాల ఖర్చు లేదు కాబట్టి అందరి కళ్లూ ముందు దీని మీదే పడతాయి. నా అభిప్రాయంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే అన్నింటికన్నా కష్టం. ఎందుకో తర్వాత చెప్తాను.

పగుళ్లు పడ్డ పాత రోడ్డు మీద కొత్త పొర వేయాలంటే తడి పద్ధతి ఎంచుకోండి. బ్లెండింగ్ యూనిట్ తెచ్చుకునే వీలు లేకపోతే టెర్మినల్ బ్లెండ్ తీసుకోండి. ఈ మార్గదర్శి ఎక్కువగా తడి పద్ధతి గురించే.

1. టైరు నుంచి పొడి దాకా

టైరు అంటే వట్టి రబ్బరు కాదు. అందులో సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, కార్బన్ బ్లాక్, ఉక్కు తీగలు, నూలు, గంధకం, జింక్ ఆక్సైడ్ ఉంటాయి. లారీ టైర్లలో సహజ రబ్బరు ఎక్కువ, కారు టైర్లలో కృత్రిమ రబ్బరు ఎక్కువ. సహజ రబ్బరు తారులో త్వరగా ఉబ్బుతుంది, అంతే త్వరగా విరుగుతుంది కూడా. ఈ వారం లారీ టైర్ల పొడి, వచ్చే వారం కారు టైర్ల పొడి వస్తే ఒకే ఫార్ములాకు రెండు రకాల బైండర్ వస్తుంది. సరఫరాదారును మొదట అడగాల్సింది రేటు కాదు, ఏ టైర్లు ఎంత పాళ్లలో వాడుతున్నాడో అడగండి.

ముందుగా టైరు అంచుల్లోని ఉక్కు కడ్డీలను లాగేస్తారు. తర్వాత టైరును అరచేయంత ముక్కలుగా కోస్తారు. ఆ ముక్కలను గ్రాన్యులేటర్‌లో వేసి ఇంకా చిన్నవి చేస్తూ, అయస్కాంతంతో ఇనుమును, గాలితో నూలును వేరుచేస్తారు. చివరగా సన్నగా నూరి జల్లెడ పడతారు.

నూరడంలో రెండు దారులున్నాయి. మామూలు వేడిలో నూరితే రబ్బరు చిరుగుతుంది. రేణువు ఉపరితలం గరుకుగా, పీచుపీచుగా ఉంటుంది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి పగలగొడితే రబ్బరు గాజులా పగిలి, రేణువులు నున్నటి ముఖాలతో వస్తాయి. నున్నటి రేణువుకు తారు తగిలే ఉపరితలం తక్కువ, అందుకే అది నెమ్మదిగా ఉబ్బుతుంది. చిటికెడు పొడి నల్లటి కాగితం మీద కాకుండా తెల్ల కాగితం మీద వేసి భూతద్దంతో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. తడి పద్ధతికి మామూలు వేడిలో నూరిన పొడే మేలు.

సైజు విషయానికొస్తే తడి పద్ధతిలో 2 మిల్లీమీటర్ల లోపు పొడి వాడతారు. చాలా పనులకు 30 మెష్, అంటే 0.6 మిల్లీమీటర్ల పొడి సరిపోతుంది. సన్నటి పొడి త్వరగా స్పందిస్తుంది, కానీ నూరే ఖర్చు పెరుగుతుంది.

2. పొడి వచ్చినప్పుడు చూడాల్సినవి

అన్నింటికన్నా ముందు తేమ. తేమ 0.75 శాతం మించకూడదు. 190 డిగ్రీల తారులో పడ్డ నీరు ఒక్కసారిగా ఆవిరై 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. తారు నురగ కట్టి ట్యాంకు మూత మీదుగా పొంగుతుంది. వాన చుక్క పడ్డ ఒక్క సంచి చాలు. సంచులను పలకల మీద, పైకప్పు కింద పెట్టించండి.

ఇనుము 0.01 శాతం లోపు ఉండాలి. నూలు హాట్ మిక్స్ (కంకర, బైండర్ వేడిగా కలిపి పరిచే) పనికైతే 0.5 శాతం, స్ప్రే పనికైతే 0.1 శాతం మించకూడదు, లేకపోతే నాజిళ్లు మూసుకుపోతాయి. రేణువులు అంటుకోకుండా సున్నపురాతి పొడో టాల్కో 4 శాతం దాకా కలపొచ్చు. సాపేక్ష సాంద్రత 1.15 దగ్గర ఉండాలి. సంచిలో చెయ్యి పెట్టి పిడికిలి బిగించి వదిలితే పొడి విడిపోవాలి. ముద్దగా నిలిస్తే ఆ సంచిని పక్కన పెట్టేయండి.

3. మూల తారును ఎంచుకోవడం

రబ్బరు నూనెను పీల్చుకుని తారును గట్టిపరుస్తుంది. అందుకే మీరు మామూలుగా వాడే గ్రేడ్ కన్నా ఒక మెట్టు మెత్తని తారుతో మొదలుపెట్టండి, ముఖ్యంగా చలి ప్రాంతాల్లో. తేలికపాటి నూనెలు బాగా తక్కువున్న తారులో రబ్బరు సరిగా ఉబ్బదు. అలాంటప్పుడు కొన్నిచోట్ల ఆరోమాటిక్ నూనె కొద్దిగా కలుపుతారు.

ఏ తారుకు ఏ పొడి కుదురుతుందో కాగితం మీద తేలదు. ల్యాబ్‌లో రబ్బరు 16, 18, 20 శాతాలతో మూడు డబ్బాలు కలిపి చూడండి. ఒక్కోదాన్ని కనీసం నాలుగు గంటలు, వీలైతే 24 గంటలు వేడి మీద ఉంచి చిక్కదనం ఎలా మారుతోందో రాసుకోండి. అసలు పనిలో ఆలస్యమైనప్పుడు బైండర్ ఎంతసేపు నిలుస్తుందో చెప్పేది ఈ రాతే.

4. కలపడం

ఈ అంచెను తొందరపడి దాటేయకండి. రోడ్డు బాగోగులు సగానికి సగం ఈ ట్యాంకులోనే తేలిపోతాయి.

తారును 175 నుంచి 205 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిచేయండి. చల్లటి పొడి పడగానే వేడి దిగుతుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి. పొడిని ఒకేసారి గుమ్మరించకుండా తూకం వేస్తూ, వేగంగా తిరిగే మిక్సర్‌లోకి ధారగా వదలండి. గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ఉండ లోపలి పొడికి గంట తర్వాత కూడా తారు తగలదు.

అక్కడి నుంచి బైండర్ రియాక్షన్ ట్యాంకులోకి వెళ్తుంది. అక్కడ 165 నుంచి 190 డిగ్రీల మధ్య 45 నిమిషాల నుంచి గంట దాకా కలియబెడుతూనే ఉండాలి. మర ఆగితే తారు కన్నా బరువైన రబ్బరు అడుక్కి దిగిపోతుంది.

టైము అయిందా లేదా అన్నది గడియారం కన్నా చిక్కదనం కొలిచే విస్కోమీటర్ బాగా చెప్తుంది. చేత్తో పట్టుకునే రొటేషనల్ విస్కోమీటర్‌తో 175 డిగ్రీల దగ్గర 1,500 నుంచి 5,000 సెంటీపాయిజ్ (చిక్కదనపు కొలత) మధ్య చిక్కదనం రావాలి. ఒక బ్యాచ్‌లో 15వ నిమిషానికి 1,200, 30కి 1,900, 45కి 2,400, 60కి 2,450 వచ్చిందనుకోండి. ఈ అంకెలను గ్రాఫ్‌గా గీస్తే గీత ఎక్కడం ఆపి నేలకు సమాంతరంగా మారింది, అంటే రేణువులు తాగాల్సినంత తాగాయి. ఇక వాడుకోవచ్చు. 45వ నిమిషంలో కూడా గీత నిటారుగా ఎక్కుతుంటే ఆగండి. ఇప్పుడు వాడితే మిగతా ఉబ్బడం కంకరలో జరుగుతుంది, తారు సరిపోని మిక్స్ వస్తుంది.

గీత కిందికి దిగడం మొదలైతే దాని అర్థం వేరు. వేడి ఎక్కువైనా, టైము మరీ ఎక్కువైనా గంధకపు ముడులు, గొలుసులు తెగడం మొదలవుతుంది. ఉబ్బిన రేణువు చితికి తారులో కలిసిపోతుంది. టెర్మినల్ బ్లెండ్‌లో కావాలని చేసేది ఇదే. కానీ తడి పద్ధతిలో ఇలా జరిగితే మీరు డబ్బు పెట్టి కొన్న సాగే గుణం పోయినట్టే. అప్పుడు మళ్లీ కొంత పొడి కలిపి చిక్కదనాన్ని పైకి తెచ్చుకోవచ్చు. అయితే చాలా స్పెసిఫికేషన్లు దీనికి ఒక హద్దు పెడతాయి.

విస్కోమీటర్ తిప్పడంలో ఒక చిన్న కిటుకు ఉంది. నమూనాను బాగా కలిపి, రోటర్ ముంచి, తిరగడం మొదలవగానే కనిపించే గరిష్ఠ అంకెను రాసుకోండి. ఆగి చూస్తే రేణువులు రోటర్ నుంచి పక్కకు జరిగి అంకె తగ్గుతూ పోతుంది. ఇద్దరు మనుషులు ఒకే ట్యాంకుకు రెండు రకాల అంకెలు రాస్తున్నారంటే కారణం చాలావరకు ఇదే.

ప్రతి బ్యాచ్‌కూ చిక్కదనం చూడాల్సిందే. సాఫ్టెనింగ్ పాయింట్ (మెత్తబడే వేడి), పెనెట్రేషన్ (సూది దిగే లోతు), 25 డిగ్రీల దగ్గర రెజిలియన్స్ (నొక్కాక వెనక్కి వచ్చే గుణం) లాంటివి ల్యాబ్ పరీక్షలు. పని జరుగుతుండగా వాటి ఫలితం కోసం ఎదురుచూడలేం కాబట్టి విస్కోమీటరే మీకు దిక్కు.

వాన వచ్చో ప్లాంటు ఆగిపోయో పని నిలిస్తే బైండర్‌ను 200 దగ్గర అలాగే ఉంచకండి. వేడి తగ్గించి, మర్నాడు నెమ్మదిగా మళ్లీ వేడిచేసి, చిక్కదనం చూసి వాడండి. ఇలా ఎన్నిసార్లు వేడిచేయొచ్చో మీ స్పెసిఫికేషన్‌లో చూసుకోండి. మాటిమాటికీ వేడిచేసిన బైండర్‌ను నమ్మలేం.

5. కంకర గ్రేడేషన్: చోటు ఇవ్వడం

గ్రేడేషన్ అంటే ఏ సైజు కంకర ఎంత పాళ్లలో ఉండాలన్నది. మామూలు డెన్స్ గ్రేడేషన్‌లో పెద్ద కంకర నుంచి డస్ట్ దాకా అన్ని సైజులూ వరసగా ఉండి, ఖాళీలన్నీ నిండిపోతాయి. ఉబ్బిన రబ్బరు రేణువులకు అక్కడ చోటు దొరకదు. అవి రాళ్ల మధ్య ఇరుక్కుని రాయికి రాయి ఆనకుండా చేస్తాయి. రోలర్ తొక్కినప్పుడు నొక్కుకుపోయి, వెళ్లగానే పైకి లేస్తాయి. అందుకే మధ్య సైజులు తగ్గించిన గ్యాప్ గ్రేడేషన్ వాడతారు, నీరు ఇంకే పై పొరకైతే ఖాళీలు ఎక్కువగా వదిలే ఓపెన్ గ్రేడేషన్. డెన్స్ గ్రేడేషనే తప్పనిసరైతే సన్నటి పొడితో చేసిన టెర్మినల్ బ్లెండ్ వాడండి.

గ్యాప్ గ్రేడేషన్‌లో మిక్స్ బరువులో బైండర్ 7 నుంచి 9 శాతం దాకా వెళ్తుంది. మామూలు మిక్స్‌లో ఇది 5, 6 శాతమే. అంత తారు చూసి ఎండకు పైకి తేలుతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. ఈ బైండర్ చిక్కనిది కాబట్టి కారిపోకుండా రాయి చుట్టూ మందపాటి పొరలా నిలుస్తుంది. తారు ముసలిదై పెళుసెక్కడాన్ని ఆలస్యం చేసేది ఆ మందమే. టైరులోని కార్బన్ బ్లాక్, యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఇందుకు సాయపడతాయి.

ల్యాబ్‌లో మార్షల్ నమూనాలు (మిక్స్‌ను అచ్చులో కొట్టి చేసే పరీక్ష దిమ్మెలు) చేసేటప్పుడు, అచ్చు పూర్తిగా చల్లారకముందే నమూనాను బయటికి తీయకండి. వేడిగా తీస్తే రబ్బరు వెనక్కి ఉబ్బి ఎత్తు పెరుగుతుంది. ఖాళీల శాతం తప్పుగా వచ్చి, దాని మీద కట్టిన డిజైన్ మొత్తం తప్పుతుంది.

ఎంత రబ్బరు కావాలో అంచనాకు ఒక లెక్క చూద్దాం. 3.5 మీటర్ల వెడల్పు, 1 కిలోమీటరు పొడవు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న పొరకు 140 ఘనపు మీటర్ల మిక్స్ కావాలి. ఘనపు మీటరు 2.3 టన్నులనుకుంటే 322 టన్నులు. బైండర్ 7.5 శాతమైతే సుమారు 24 టన్నులు, అందులో 18 శాతం రబ్బరంటే 4.3 టన్నుల పైన. ఒక కారు టైరు నుంచి 6 కిలోల పొడి వస్తుందనుకుంటే 700 పైచిలుకు టైర్లు ఈ ఒక్క లేన్ కిలోమీటరులోకే వెళ్తాయి.

6. ప్లాంటు, రవాణా

మిక్స్ 160 నుంచి 175 డిగ్రీల మధ్య బయటికి రావాలి. చిక్కటి బైండర్‌కు మామూలు పంపు, మీటరు సరిపోకపోవచ్చు. మొదటి రోజుకు ముందే తూకంతో సరిచూసుకోండి. టిప్పర్ తొట్టికి డీజిల్ పూయకండి, అది రబ్బరు బైండర్‌ను చెడగొడుతుంది. సబ్బు నీళ్లో, ఇందుకోసమే దొరికే ద్రావణమో వాడండి. పైన టార్పాలిన్ తప్పనిసరి. వేడి ఉన్నంతసేపే ఈ మిక్స్ మాట వింటుంది కాబట్టి ప్లాంటు ఎంత దగ్గరుంటే అంత మంచిది.

తక్కువ వేడిలోనే మిక్స్ పని జరిగేలా చేసే వార్మ్ మిక్స్ రసాయనాలు కలిపితే వేడిని 15 నుంచి 30 డిగ్రీల దాకా తగ్గించుకోవచ్చు. వాసన, పొగ కూడా తగ్గుతాయి. దూరం ఎక్కువైనా, రాత్రి పని అయినా వీటి ఖర్చు దండగ కాదు.

7. పరచడం, తొక్కించడం

నేల, గాలి వేడి 13 డిగ్రీల కన్నా తక్కువుంటే ఆ రోజు పని వద్దు. మిక్స్‌ను రోడ్డు మీద పరిచే పేవర్ యంత్రం ఆగకుండా సాగేలా టిప్పర్లను వరసలో పెట్టండి. పార, దంతె పట్టుకుని చేత్తో సర్దే పని వీలైనంత తగ్గించండి. ఈ మిక్స్ బంకలా అంటుకుంటుంది, చేత్తో సర్దిన చోట గరుకు మచ్చలు మిగిలిపోతాయి.

రోలర్ పేవర్ వెనకే ఉండాలి. పొర వేడి సుమారు 140 డిగ్రీలకు దిగేలోపే మొదటి పాస్ పడాలి, 120 దాటి దిగేలోపు ముఖ్యమైన తొక్కుడంతా అయిపోవాలి. ఇనుప చక్రాల రోలర్లే వాడండి. రబ్బరు చక్రాల రోలర్‌కు ఈ మిక్స్ అంటుకుని ముక్కలుగా లేచి వస్తుంది. వేడి మీద సరిగా కుదించకుండా వదిలేసి, చల్లారాక పది పాసులు కొట్టినా సాంద్రత పెరగదు, రాయి మాత్రం పగులుతుంది.

బండ్లను వదిలే ముందు పైన పలచగా ఇసుక చల్లితే చక్రాలకు అంటుకోదు. ఆ ఇసుకను తర్వాత ఊడ్చేయాలి.

పగుళ్లకు స్ప్రే పొర

రబ్బరు బైండర్‌ను చదరపు మీటరుకు 2.5 నుంచి 3 లీటర్ల దాకా నేరుగా స్ప్రే చేసి, తారు పూసిన వేడి కంకర చిప్స్ చల్లి తొక్కిస్తారు. ఇలా వేసిన పొరను పైనే వదిలేయొచ్చు, దాని మీద కొత్త పొర కూడా వేయొచ్చు. కింది పగులు కదిలినప్పుడు ఈ పొర సాగి, ఆ కదలికను పైకి పోనివ్వదు. బాగా పగిలిన రోడ్డుకు రబ్బరు చేసే అతిపెద్ద మేలు ఇదేనని నేననుకుంటాను. కాకపోతే పునాది కుంగిన రోడ్డును ఏ రబ్బరూ నిలబెట్టలేదు. పగులు అంచులు బండి వెళ్తుంటే పైకీ కిందికీ ఆడుతుంటే ముందు పునాది బాగుచేయించండి.

పొడి పద్ధతే కావాలంటే

కంకరలో 1 నుంచి 3 శాతం రబ్బరు వేయడం పాత తీరు. ఈమధ్య సన్నటి పొడిని ఇంకా తక్కువగా వేస్తున్నారు. రబ్బరుకు తారుతో గడిపే టైము దొరకకపోవడమే ఇక్కడి కష్టం. మిక్సర్‌లో ఉండేది నిమిషం లోపే. మిగతా ఉబ్బడమంతా టిప్పర్‌లోనో, రోడ్డు మీదో జరుగుతుంది. తొక్కించాక ఉబ్బితే పొర వదులై కంకర లేచిపోతుంది. అందుకే మిక్స్‌ను సైలోలో (నిల్వ తొట్టిలో) వేడి మీద గంట, గంటన్నర ఉంచాలి, తారు కూడా కొంచెం ఎక్కువ వేయాలి. ఈ రెండూ చేయలేని చోట పొడి పద్ధతి జోలికి పోకండి.

అమెరికా 1991లో చట్టం చేసి, కేంద్ర నిధులతో వేసే రోడ్లలో టైరు రబ్బరు వాడాలని రాష్ట్రాలను నిర్బంధించింది. పనితనం తెలియకుండా బలవంతం చేయడమేంటన్న వ్యతిరేకత వచ్చి, 1995లో ఆ నిబంధన ఎత్తేశారు. అప్పటికే చేయి తిరిగిన అరిజోనా, కాలిఫోర్నియా మాత్రం చట్టం పోయినా ఆపలేదు. ఫీనిక్స్ ప్రాంతంలో 2003 నుంచి టైర్ల మోత తగ్గించడానికి హైవేల మీద రబ్బరు కలిపిన ఓపెన్ గ్రేడేషన్ పొర వేశారు.

పొగ, నీరు, తర్వాతి సంగతి

కలిపేచోట పొగ, గంధకపు వాసన మామూలు తారు కన్నా ఎక్కువ. ట్యాంకు మూత తీసేటప్పుడు పొగ మీదికి రాకుండా, గాలి వచ్చే వైపు నిలబడాలి. వేడి తట్టుకునే తొడుగులు, ముఖానికి అడ్డం ఉండాల్సిందే. పొడి నిల్వ చేసిన చోట వెల్డింగ్ వద్దు, సిగరెట్ వద్దు. రబ్బరు అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో టైర్ల గుట్టల మంటలు చూసినవాళ్లకు తెలుసు.

నీటి సంగతి కూడా చూసుకోవాలి. టైర్లు పాడవకుండా వాడే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారే పదార్థం కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో శాస్త్రవేత్తలు గుర్తించారు. టైర్ల అరుగుదల నుంచి అది వాన నీటితో వాగుల్లోకి చేరుతోంది. రోడ్డులో తారు పూతతో ఉన్న రబ్బరు, విడిగా రాలే టైరు ధూళి ఒకటి కాదు. అయినా చేపలున్న వాగు పక్కన ఓపెన్ గ్రేడేషన్ పొర వేసేముందు డ్రైనేజీ నీటిని పరీక్ష చేయించండి.

రోడ్డు పాతబడ్డాక ఈ పొరను మిల్లింగ్ మెషీన్‌తో తీసి మామూలు తారు ముక్కల్లాగే మళ్లీ వాడొచ్చు. వాటిని విడిగా గుట్ట పోయించండి. అందులో బైండర్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, వేరే రోడ్ల ముక్కలతో కలిపేస్తే కొత్త మిక్స్‌లో తారు లెక్క తేలదు. గుట్ట పక్కన ఏ రోడ్డు నుంచి తీశారో, అందులో రబ్బరు ఎంత శాతమో రాసి బోర్డు పెట్టించండి.